రెండుసార్లు వచ్చిన రీఫండ్‌ని వెనక్కి ఇవ్వాలా, వద్దా?

నరసాపురం_లేసు
అందరికీ నమస్కారం. మా అమ్మ లేసు అల్లికతో పాటు బ్లౌజులు కూడా కుడుతుంది. ఆమె కోసం ఆన్‌లైన్‌లో మోటారు కుట్టుమిషన్ కొన్నాను, 23,600 రూపాయలు, నా క్రెడిట్ కార్డు మీద. పార్శిల్ విప్పి చూస్తే కింద బేస్ పగిలి ఉంది. ఫొటోలు పెట్టి వెనక్కి పంపాను, మిషన్ వాళ్లకు చేరినట్టు కూడా చూపించింది, కానీ డబ్బు ఎంతకీ వెయ్యలేదు. ఎప్పుడు అడిగినా "ప్రాసెస్‌లో ఉంది మేడమ్" అనే మాటే. విసుగొచ్చి బ్యాంకు యాప్‌లో డిస్ప్యూట్ పెట్టాను. బ్యాంకు 23,600 కార్డులో జమ చేసింది, హమ్మయ్య అనుకున్నాను. వారం తిరక్కుండానే అమ్మినవాళ్లు కూడా 23,600 వేశారు.

ఇంట్లో తలో మాట. "వాళ్లు అడిగినప్పుడు చూద్దాంలే" అంటారు మా ఆయన. వచ్చిన లక్ష్మిని కాదనకూడదని అత్తయ్య. అమ్మేమో "మనది కాని డబ్బుతో మిషన్ కొంటే దాని మీద కూర్చుని కుట్టబుద్ధి కాదే" అంటోంది. నాకైతే ఇచ్చెయ్యాలనే ఉంది, కానీ ఎవరికి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి? ఇచ్చాక మళ్లీ ఇంకేమైనా తిరకాసు వస్తుందా? ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా?

వైజాగ్_బుల్లెట్
ఉంచేసుకోండి అక్కా. తప్పు వాళ్లది. అన్నాళ్లు మీ డబ్బు వాళ్ల దగ్గర పెట్టుకుని తిప్పించుకున్నారు కదా, దానికి వడ్డీ అనుకోండి.

రాజమండ్రి_కౌంటర్
తమ్ముడూ, అంత తేలిగ్గా అనకు. నేను మందుల షాపులో కౌంటర్ మీద ఉంటాను. రాత్రి షాపు కట్టేసే ముందు సిస్టంలో ఉన్న అమ్మకం, గల్లాలో నగదు, యూపీఐలో పడింది, కార్డు మిషన్ సెటిల్‌మెంటు, రిటర్న్ బిల్లులు అన్నీ కలిపి టాలీ చేస్తాం. తక్కువొస్తే ముందు నా మొహమే చూస్తారు. మా ఓనరు మంచివాడు, రెండుమూడు వందలైతే వదిలేస్తాడు. ఇంతకు ముందు నేను చేసిన చోట అలా కాదు, ఎంత షార్ట్ వస్తే అంతా జీతంలో కోతే. నా పక్కన ఉన్న అమ్మాయి రద్దీలో ఒకాయనకి రిటర్న్ బిల్లు డబ్బు నగదుగా ఇచ్చింది, అదే బిల్లుకి యూపీఐలో కూడా పంపింది. ఫోన్ చేస్తే ఆయన "నాకు తెలీదు, ఒక్కసారే వచ్చింది" అన్నాడు. ఆ నెల ఆ పిల్ల జీతం ఎంత తెచ్చుకుందో నాకు తెలుసు. అప్పటి నుంచి ఎవరైనా "కంపెనీ తప్పు" అంటే నాకు ఆ పిల్లే గుర్తొస్తుంది. కంపెనీ బటన్ నొక్కదు కదా, ఎవరో ఒక మనిషి నొక్కుతాడు.

వైజాగ్_బుల్లెట్
అన్నా, మీరు చెప్పింది షాపు సంగతి. షాపులో చిల్లర ఎక్కువిస్తే నేనూ తిరిగిచ్చేస్తాను, అందులో రెండో మాట లేదు. ఇక్కడ మాట్లాడేది పెద్ద ఆన్‌లైన్ కంపెనీల గురించి. పాడైన బిర్యానీ పంపి డబ్బుకి బదులు కూపన్ ఇస్తారు. టికెట్ క్యాన్సిల్ చేస్తే కన్వీనియెన్స్ ఫీజు అసలే వెనక్కి రాదు. మనకి రావాల్సింది నెలల తరబడి తేలదు, అడిగీ అడిగీ మనమే ఊరుకుంటాం. ఆ ఊరుకోవడం మీదే వాళ్లకి ఎన్ని కోట్లు మిగులుతున్నాయో. మన వైపు పొరపాటున వచ్చిన దానికి మాత్రం మనం పరుగెత్తుకెళ్లి ఇవ్వాలా? ఒక వైపే ధర్మం ఉంటే ఎలా?

పోచంపల్లి_ఇక్కత్
బుల్లెట్ గారూ, మీ కోపం అర్థమవుతుంది, ఆ ఆలస్యాల వల్ల మేమూ తిట్లు తింటుంటాం. కానీ మీరు "పెద్ద కంపెనీ" అనుకునే చోట చాలాసార్లు ఉండేది మా లాంటి వాళ్లమే. మేం చీరలు, డ్రెస్ మెటీరియల్ ఒక పెద్ద సైట్‌లో పెట్టి అమ్ముతాం. కొన్నవాళ్లకి సైట్ పేరే కనిపిస్తుంది, డబ్బు కూడా సైటే తిరిగి వేస్తుంది, కానీ ఆ మొత్తాన్ని మా తర్వాతి సెటిల్‌మెంట్‌లో మైనస్ చేస్తుంది. ఒక ఆర్డరుకి రెండుసార్లు రీఫండ్ పడితే రెండుసార్లూ మాకే కోత పడిన సందర్భం ఉంది. క్లెయిమ్ పెట్టాం, స్క్రీన్‌షాట్లు పంపాం, గడువు దాటిపోయిందని మూసేశారు. ఒక చీరకి నేతపని చేసేవాళ్లకి, రంగులకి, రంగు అద్దే ముందు నూలుకి చిటికి ముడులు కట్టినవాళ్లకి ముందే డబ్బు ఇచ్చేసి ఉంటాం. అదంతా పోయినట్టే. మీరు కొన్నప్పుడు బిల్లు మీద "సోల్డ్ బై" అని కింద ఉంటుంది చూడండి, ఆ పేరు ఎవరిదో చదవండి చాలు.

రిటైర్డ్_బ్యాంకు_బాబాయ్
నరసాపురం అమ్మాయీ, ఇవ్వాలా వద్దా అనే దాని కంటే ముందు ఇంకో సంగతి చూడాలి, దీనిలో తొందరపడితే నువ్వే నష్టపోతావు. జాగ్రత్తగా చదువు.

నువ్వు బ్యాంకులో పెట్టిన డిస్ప్యూట్‌ని మా భాషలో చార్జ్‌బ్యాక్ అంటారు. డిస్ప్యూట్ పెట్టగానే బ్యాంకు వేసే జమ చాలాసార్లు తాత్కాలికం మాత్రమే. బ్యాంకు తన సొమ్ము వెయ్యడం కాదు అది, అమ్మినవాళ్ల బ్యాంకుని అడుగుతుంది, వాళ్ల బ్యాంకు అమ్మినవాళ్లని అడుగుతుంది. అమ్మినవాళ్లు "మేం ఫలానా రోజున రీఫండ్ ఇచ్చేశాం, ఇదిగో రుజువు" అని కాగితం పెడితే బ్యాంకు వేసిన జమ వెనక్కి పోతుంది. అప్పుడు నీ కార్డు బిల్లులో మళ్లీ 23,600 చేరుతుంది. ఈలోగా నువ్వు మంచితనంతో అమ్మినవాళ్లకి నేరుగా 23,600 పంపేశావనుకో. అటు వాళ్లకి ఇచ్చావు, ఇటు బ్యాంకు కూడా తీసుకుంది. నీ డబ్బు నీకు రావాలంటే మళ్లీ మొదటి నుంచి తిరగాలి.

కాబట్టి అమ్మినవాళ్లకి పైసా పంపకు. ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పు: "నేను డిస్ప్యూట్ పెట్టిన లావాదేవీకి వ్యాపారి నుంచి ఫలానా తేదీన రీఫండ్ వచ్చింది, డిస్ప్యూట్ ఉపసంహరించుకుంటున్నాను, మీరు వేసిన జమ వెనక్కి తీసుకోండి." డిస్ప్యూట్ నంబరు రాయి. వ్యాపారి రీఫండ్‌కి ఏఆర్ఎన్ అనే పొడవాటి నంబరు ఉంటుంది, అడిగితే వాళ్లు ఇస్తారు, అదీ రాయి. బ్యాంకు జమని తీసేస్తే లెక్క సరిపోయినట్టే. అమ్మినవాళ్లకి ఒక మెయిల్ కొట్టి ఊరుకో.

ఇంకో మాట. ఈలోగా స్టేట్‌మెంట్‌లో బిల్లు మైనస్‌లో కనిపిస్తుంది, అది చూసి ఖర్చు పెట్టేస్తే తర్వాత కార్డు వడ్డీ పడుతుంది. అది మామూలు వడ్డీ కాదు.

నరసాపురం_లేసు
బాబాయ్ గారూ, చాలా చాలా థ్యాంక్స్. నేను ఈ రోజే వాళ్ల కస్టమర్ కేర్‌ని యూపీఐ ఐడీ అడిగి పంపేద్దామనుకున్నా! మరి బ్యాంకు వాళ్లు "మా దగ్గర క్లోజ్ అయిపోయింది, మీరు ఏమీ చెయ్యక్కర్లేదు" అంటే?

రిటైర్డ్_బ్యాంకు_బాబాయ్
ఆ మాట మెయిల్‌లో రాసివ్వమను. డిస్ప్యూట్ పూర్తిగా నీ వైపు ముగిసింది, జమ శాశ్వతం అని రాసిచ్చారంటే అప్పుడు వ్యాపారి వేసింది అదనం అవుతుంది, వాళ్లకే తిరిగి ఇవ్వాలి. ఏది అదనమో తేలే దాకా రెండూ కదపకు.

లా_థర్డ్‌ఇయర్
చట్టం సంగతి నేను చెప్తాను. ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్, 1872లో సెక్షన్ 72 అచ్చంగా దీని గురించే. పొరపాటున గానీ, బలవంతం మీద గానీ ఎవరికైనా డబ్బు చెల్లించినా, వస్తువు అప్పగించినా, అందుకున్న మనిషి దాన్ని తిరిగి ఇచ్చి తీరాలి. అంతే, ఒక్క వాక్యం. దాని కింద ఇచ్చిన ఉదాహరణ చూస్తే ఈ చర్చ కోసమే రాశారా అనిపిస్తుంది: ఏ, బీ ఇద్దరూ కలిసి సీకి వంద రూపాయలు బాకీ. ఏ ఒక్కడే మొత్తం కట్టేశాడు. ఆ సంగతి తెలియక బీ కూడా వంద కట్టాడు. సీ ఆ రెండో వంద బీకి తిరిగి ఇవ్వాలి. అక్క కేసులో బ్యాంకు, వ్యాపారి అలాగే ఒకరికి తెలియకుండా ఒకరు ఇచ్చారు.

"తప్పు వాళ్లది కదా" అనే వాదన ఇక్కడ నిలవదు. ఎవరి తప్పు అని సెక్షన్ అడగదు, ఆ డబ్బు నీకు రావాల్సిందేనా అనేదే చూస్తుంది.

క్రిమినల్ వైపు కూడా ఒకటుంది. పాత ఐపీసీ 403, ఇప్పుడు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 314. ఇతరుల సొత్తుని దురుద్దేశంతో సొంతానికి వాడుకోవడం. పొరపాటున డబ్బు వచ్చి పడటం నేరం కాదు, తెలియక కొంత ఖర్చైపోయినా నేరం కాదు. నాది కాదని తెలిశాక, అడిగినా ఇవ్వకుండా, కావాలని వాడేసుకుంటే అప్పుడు అటు వెళ్తుంది. పాత చట్టంలో రెండేళ్ల వరకు జైలు గానీ జరిమానా గానీ ఉండేది, కొత్తదాంట్లో కనీసం ఆరు నెలలు అని పెట్టారు.

వైజాగ్_బుల్లెట్
ఇరవై మూడు వేలకి ఎవరూ కేసు పెట్టరు తమ్ముడూ. లాయరు ఫీజే అంతకంటే ఎక్కువ.

లా_థర్డ్‌ఇయర్
పెట్టరేమో అన్నా. నేను భయపెట్టడానికి చెప్పలేదు, బాకీ ఉందా లేదా అంటే ఉంది అని చెప్తున్నా. వసూలు చెయ్యడం కష్టమైనంత మాత్రాన బాకీ లేకుండా పోదు కదా.

మీరు ఇందాక చెప్పిన కూపన్లు, ఆలస్యాలు అవన్నీ నిజమే, కానీ అది వేరే బాకీ. దానికి 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, 5 లక్షల లోపు విలువకి ఫిర్యాదు ఫీజు కూడా లేదు, లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. వాళ్లు మీకు బాకీ ఉన్నారని ఇంకెవరి పొరపాటు నుంచో జమ వేసుకోవడం కుదరదు.

కర్నూలు_ఫరీద్
మా నాన్న కిరాణా కొట్టులో ఒక పాత డబ్బా ఉండేది. ఎవరైనా ఎక్కువ ఇచ్చి వెళ్లిపోతే ఆ డబ్బు చీటీ మీద పేరు రాసి అందులో వేసేవాడు. పేరు తెలియకపోతే "ఎర్ర చొక్కా, బుధవారం" అని గుర్తు. దాన్ని అమానత్ అనేవాడు, మన దగ్గర నిలవ ఉంది తప్ప మనది కాదు. గిరాకీ లేక ఇబ్బంది పడిన రోజుల్లో కూడా అందులోంచి తియ్యలేదు. నాకు సెక్షన్లు తెలియవు గానీ ఇస్తేనే మంచిది చెల్లీ. మీ అమ్మగారు చెప్పింది సరైన మాట.

డాలస్_తెలుగు
ఇక్కడ అమెరికాలో చాలామంది మనవాళ్లు ఒక పొరపాటు నమ్మకంతో ఉంటారు, అందుకే రాస్తున్నా. మనం ఆర్డర్ చెయ్యని వస్తువు పోస్టులో మన పేరుకి వస్తే దాన్ని బహుమతిగా ఉంచుకోవచ్చని ఇక్కడ ఫెడరల్ చట్టం ఉంది. అది అడగని సరుకు పంపి డబ్బు గుంజే మోసాలని ఆపడానికి పెట్టింది. డబ్బుకి అది వర్తించదు. రీఫండ్ ఎక్కువొస్తే ఇక్కడైనా తిరిగి ఇవ్వాల్సిందే.

పెద్ద ఉదాహరణ ఆస్ట్రేలియాలో ఉంది. 2021 మేలో క్రిప్టో.కామ్ అనే కంపెనీ మెల్‌బోర్న్‌లో ఒక కస్టమరుకి 100 డాలర్లు రీఫండ్ చెయ్యబోయి, మొత్తం రాయాల్సిన గడిలో అకౌంట్ నంబరు కొట్టేసింది. కోటి డాలర్ల పైన వెళ్లిపోయాయి. డిసెంబర్‌లో ఆడిట్ దాకా కంపెనీకి తెలియలేదు. ఈలోగా ఆ డబ్బులో ఇల్లు కొన్నారు, బంధువులకి పంపారు. చివరికి కోర్టు ఇల్లు అమ్మించి, వడ్డీతో సహా తిరిగి ఇమ్మంది, క్రిమినల్ కేసు కూడా నడిచింది. ఏడు నెలలు ఎవరూ అడగలేదు కదా అనే మాట ఎక్కడా పనికి రాలేదు.

వైజాగ్_బుల్లెట్
డాలస్ అన్నా, కోటి డాలర్లు ఎవడైనా వెతుక్కుంటూ వస్తాడు. నేను అడిగేది మామూలు మొత్తాల గురించి.

హనుమకొండ_టీచరమ్మ
మామూలు మొత్తాలకి మన దేశంలోనే ఉంది బాబూ. 2023 నవంబరు 10 నుంచి 13 దాకా, దీపావళి రోజుల్లో, యూకో బ్యాంకులో సిస్టం తప్పుతో దాదాపు 41,000 ఖాతాల్లో 820 కోట్లు పడ్డాయి. పంపిన వైపు లావాదేవీ ఫెయిల్ అయినట్టు చూపించింది, ఇటు మాత్రం జమ అయింది. లెక్క వేస్తే సగటున ఖాతాకి రెండు లక్షలు. ఖాతాలు ఆపి, అడిగి, కొద్ది రోజుల్లోనే 649 కోట్లు వెనక్కి తెచ్చుకున్నారు. మిగిలింది వెంటనే తీసేసుకున్నవాళ్ల కోసం సీబీఐ రంగంలోకి దిగింది, చాలా చోట్ల సోదాలు జరిగాయి. మామూలు జీతగాళ్ల ఇళ్లకి సీబీఐ రావడం ఏమిటి చెప్పండి? 2021లో బీహార్‌లో ఖగడియా జిల్లాలో ఒకాయనకి గ్రామీణ బ్యాంకు పొరపాటున ఐదున్నర లక్షలు వేస్తే, ప్రధానమంత్రి పంపిన డబ్బనుకున్నానని ఖర్చు పెట్టేశాడు. అరెస్టయ్యాడు.

అయితే నేను పిల్లలకి ఇది చెప్పేటప్పుడు అరెస్టుల గురించి చెప్పను. పట్టుబడతామనే భయం లేకపోతే ఉంచుకోవచ్చా అని ఒక పిల్లవాడు తప్పకుండా అడుగుతాడు, అప్పుడు నా దగ్గర జవాబు ఉండదు. ఆ డబ్బు పోగొట్టుకున్న మనిషి గురించి చెప్తే పిల్లలకి వెంటనే అర్థమవుతుంది.

ఆవకాయ_అక్క_గుంటూరు
ఆ మనిషిని నేనే. ఈ చర్చ రెండు రోజుల నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

నేను ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతాను. ఇద్దరు ఆడవాళ్లు సాయం వస్తారు. కొరియర్‌లో సీసా పగిలి నూనె కారిపోయిందని ఒకావిడ ఫొటో పంపారు, 650 రూపాయల ఆర్డరు. పేమెంట్ గేట్‌వే నుంచి చేసి ఉంటే అసలు కట్టిన దానికంటే ఎక్కువ వెళ్లేది కాదు, అది ఒప్పుకోదు. ఆవిడ తొందరగా కావాలన్నారని మా అబ్బాయి ఫోన్‌లోంచి యూపీఐలో పంపాడు, 6,500 వెళ్లిపోయింది. నిమిషంలో చూసుకున్నాం. మెసేజ్ పెట్టాను, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఫోన్ చేస్తే కట్ చేశారు. తర్వాత నన్ను బ్లాక్ చేశారు. మా బ్యాంకుకి వెళ్తే, విజయవంతమైన యూపీఐ లావాదేవీని వాళ్లంతట వాళ్లు వెనక్కి తియ్యలేరట, అవతలి బ్యాంకు ద్వారా ఆవిడని అడుగుతారట, ఆవిడ ఒప్పుకోవాలట.

కారం, ఆవపిండి, నువ్వుల నూనె ఎంత రేట్లున్నాయో తెలిసిందే కదా. 5,850 అంటే ఎన్ని కిలోల పచ్చడి మీద మిగిలే లాభమో ఆవిడకి తెలియకపోవచ్చు, ఆవిడ కూడా ఈ బుల్లెట్ తమ్ముడిలాగే "వ్యాపారం చేసేవాళ్లే కదా, వాళ్లకేం" అనుకుని ఉంటారు. నాకు డబ్బు కంటే బ్లాక్ చెయ్యడం ఎక్కువ బాధ కలిగించింది. అంతకు ముందు ఎన్నోసార్లు మా దగ్గర కొన్నారు, వాళ్ల అమ్మాయి హాస్టల్‌కి కూడా పంపించాను.

వైజాగ్_బుల్లెట్
అక్కా, ఇది చదివి బాధేసింది. మీలాంటి వాళ్లది ఒక్క రూపాయి కూడా ఉంచుకోకూడదు, ఆవిడ చేసింది తప్పే. నేను అన్నది పెద్ద కంపెనీల గురించి, ఆ మాట మీద మాత్రం నేను ఇంకా ఉన్నాను. వాళ్లు మనతో వ్యవహరించే తీరు మారితే నా మాటా మారుతుంది.

పోచంపల్లి_ఇక్కత్
పెద్ద కంపెనీ డబ్బా, అక్క డబ్బా అనేది మీకు బయటి నుంచి ఎలా తెలుస్తుంది తమ్ముడూ? నా చీర కొన్నవాళ్లకి నేను కనిపించలేదు కదా.

లా_థర్డ్‌ఇయర్
ఆవకాయ అక్కా, వదలకండి. మీ బ్యాంకులో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, యూపీఐ యాప్‌లో కూడా ఆ లావాదేవీ మీద ఫిర్యాదు పెట్టండి. ఆవిడ చిరునామా మీ కొరియర్ రసీదులో ఉంటుంది, స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. ఆర్డరు వివరం, 650 బదులు 6,500 వెళ్లిందని యూపీఐ రిఫరెన్స్ నంబరుతో సహా, సెక్షన్ 72 ప్రకారం 5,850 తిరిగి ఇవ్వమని, గడువు 15 రోజులు. మర్యాదగా రాయండి. మామూలుగా డబ్బు రాబట్టుకునే దావాకి మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది, కాబట్టి టైమ్ ఉంది. చాలామంది కాగితం చూడగానే ఇచ్చేస్తారు.

మదనపల్లె_సైబర్
ఒక్క నిమిషం, అందరూ చదవాల్సిన విషయం. "మీకు పొరపాటున డబ్బు పంపాం, ఈ నంబరుకి తిరిగి వెయ్యండి" అని ఫోన్ వస్తే వెంటనే వెయ్యకండి. మంచివాళ్లే ఎక్కువ మోసపోతున్నది ఇందులో.

ఒక రకం, డబ్బు అసలు రానే రాదు. బ్యాంకు పంపినట్టు ఉండే ఎస్ఎంఎస్ ఒకటి పంపి, ఏడుపు గొంతుతో ఆసుపత్రి ఖర్చు అంటారు. మెసేజ్ చూడకండి, యాప్ తెరిచి బ్యాలెన్స్, స్టేట్‌మెంట్ చూడండి. ఇంకో రకం, రీఫండ్ ఇస్తామని చెప్పి క్యూఆర్ కోడ్ పంపుతారు, పిన్ కొట్టమంటారు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టారంటే మీ డబ్బు పోతున్నట్టే. మూడోది ఇంకా ప్రమాదం. డబ్బు నిజంగానే వస్తుంది, కానీ అది ఎవరినో మోసం చేసి తెచ్చింది. మీరు వాళ్లు చెప్పిన వేరే ఖాతాకి పంపితే దొంగసొమ్ము చేతులు మారడానికి మీ ఖాతా వాడుకున్నట్టు. తర్వాత పోలీసులు ఆ దారి వెంట వచ్చినప్పుడు మీ ఖాతా ఫ్రీజ్ అవుతుంది.

కాబట్టి పద్ధతి ఏంటంటే, ఎవరి నుంచి వచ్చిందో ఆ ఖాతాకే, మీ బ్యాంకు ద్వారా. ఫోన్ చేసినవాడికి "మీ బ్యాంకులో ఫిర్యాదు పెట్టండి, మా బ్యాంకు అడిగితే వెంటనే ఒప్పుకుంటాను" అని చెప్పండి. నిజంగా పోగొట్టుకున్నవాళ్లు ఆ మాటకి సంతోషిస్తారు. మోసపోయారని అనుమానం వస్తే 1930కి ఫోన్ చెయ్యండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్.

రాజమండ్రి_కౌంటర్
ఇది చాలా అవసరమైన పోస్టు. మా షాపుకి కూడా ఇలాంటి ఫోన్లు వస్తుంటాయి.

నరసాపురం_లేసు
అప్‌డేట్ చెప్తున్నాను. బాబాయ్ గారు రాసిన వాక్యాలే మెయిల్‌లో పెట్టాను. మొదట ఫోన్‌లో ఉన్న అబ్బాయికి అర్థం కాలేదు, డబ్బు రాలేదని ఫోన్ చేశాననుకున్నాడు, వెనక్కి తీసుకోమంటున్నానని చెప్తే "మేడమ్, కన్ఫర్మా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. డిస్ప్యూట్ క్లోజ్ చేసి వాళ్ల జమ తీసేశారు, వ్యాపారి వేసింది ఉంది. అమ్మకి వేరే షాపులో మిషన్ చూస్తున్నాం, ఈసారి ఊళ్లోనే కళ్లారా చూసి కొంటాం.

రిటైర్డ్_బ్యాంకు_బాబాయ్
మంచి పని చేశావమ్మా. ఆ మెయిల్ దాచిపెట్టు, డిలీట్ చెయ్యకు.

కూకట్‌పల్లి_పీజీ
నాది కాస్త వేరే సమస్య. ఒక ట్రావెల్స్ వాళ్లు రద్దైన బస్సుకి రీఫండ్ రెండుసార్లు వేశారు, 1,840 ఎక్కువ. యాప్‌లో చాట్ తెరిస్తే బాట్ వస్తుంది, "రీఫండ్ రాలేదు", "రీఫండ్ ఆలస్యం" అనే ఆప్షన్లే ఉన్నాయి, ఎక్కువొచ్చిందని చెప్పే దారే లేదు. మనిషి దొరికితే "మా సిస్టంలో ఒక్కసారే చూపిస్తోంది సార్" అని పెట్టేశాడు. మా రూమ్మేట్ తిరుమల వెళ్తున్నాడు, హుండీలో వేసెయ్యమంటే సరిపోతుంది కదా, నేనూ ఉంచుకోలేదు, దేవుడికి పోయింది. ఏమంటారు?

హనుమకొండ_టీచరమ్మ
వద్దు నాయనా. దానం చెయ్యాలంటే అది ముందు నీ డబ్బు అయ్యుండాలి. ట్రావెల్స్ వాడి డబ్బు నువ్వు స్వామికి ఇస్తే పుణ్యం వాడికొస్తుందా, నీకొస్తుందా? వాడు రేపు వచ్చి అడిగితే స్వామి దగ్గరికి వెళ్లమంటావా?

కర్నూలు_ఫరీద్
టీచరమ్మ చెప్పింది కరెక్ట్. మా దగ్గర కూడా అంతే, యజమాని ఎవరో తెలిసి ఉండగా దానం చేస్తే తీరదు. ఎంత వెతికినా యజమాని దొరకనప్పుడు సంగతి వేరు.

వైజాగ్_బుల్లెట్
ఇదిగో, వాళ్లే వద్దంటుంటే ఇంకా వెంటపడి ఇవ్వాలా? నా ఉద్దేశంలో ఒకసారి చెప్పావు, నీ బాధ్యత అయిపోయింది.

లా_థర్డ్‌ఇయర్
బుల్లెట్ అన్నతో ఇక్కడ సగం ఏకీభవిస్తాను. వెంటపడి తిరగాల్సిన పని లేదు, సెలవు పెట్టుకుని వాళ్ల ఆఫీసుకి వెళ్లక్కర్లేదు. కానీ చాట్‌లో చెప్పింది రేపు కనిపించదు, అందుకే సరైన చోట రాతలో చెప్పాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఇలాంటి ప్రతి సంస్థకీ ఒక గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, పేరు, ఫోన్, మెయిల్ సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. యాప్‌లో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతుకు. బుకింగ్ నంబరు, రెండు జమల తేదీలు, స్టేట్‌మెంట్‌లో ఆ రెండు లైన్లు పెట్టి, "అదనంగా వచ్చిన 1,840 తిరిగి తీసుకోండి" అని రాయి. జవాబు రాకపోయినా నీ దగ్గర రుజువు ఉంటుంది, దురుద్దేశం అనే మాట ఎవరూ అనలేరు. డబ్బు మాత్రం పక్కన పెట్టు, అడిగిన రోజు ఇచ్చేలా.

కూకట్‌పల్లి_పీజీ
దొరికింది, రాశాను. ఇవాళ జవాబు కూడా వచ్చింది! అకౌంట్స్ వాళ్లు ఖాతా నంబరు పంపారు. వెయ్యొచ్చా?

మదనపల్లె_సైబర్
మెయిల్ కంపెనీ డొమైన్ నుంచే వచ్చిందా చూడు, స్పెల్లింగ్ అక్షరం అక్షరం. ఖాతా కంపెనీ పేరు మీద ఉండాలి, మనిషి పేరు కనిపిస్తే ఆగిపో. యూపీఐ కాకుండా ఎన్ఈఎఫ్‌టీలో పంపు. ముందు "మా వైపు ఇది పెండింగ్ నుంచి క్లోజ్ చేస్తాం" అని రాసివ్వమను.

రాజమండ్రి_కౌంటర్
రిమార్క్స్‌లో బుకింగ్ నంబరు, పక్కన "అదనపు రీఫండ్ వాపసు" అని తప్పకుండా రాయి తమ్ముడూ. లేకపోతే ఆ డబ్బు దేనిదో వాళ్ల అకౌంట్స్‌లో తెలియక సస్పెన్స్ ఖాతాలో, అంటే లెక్క తేలని డబ్బు పెట్టే చోట, పడి ఉంటుంది, అక్కడ షార్ట్ వచ్చిన మనిషికి మాత్రం కోత అలాగే ఉండిపోతుంది.